మంచినీళ్ల చెరువులో తోకమొక్క

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఇంజనీర్లకు నాలుగు మాటలు చెప్పమని మొన్న మార్కాపురంలో మా పాత ఆఫీసువాళ్లు పిలిచారు. వెళ్లాను. శాలువా కప్పారు. మైకు అందుకోగానే కరెంటు పోయింది. మంచినీళ్ల పథకాల్లో ముప్పై నాలుగేళ్లు పనిచేసిన మనిషికి కరెంటు పోవడం కొత్తేమీ కాదు గనక గొంతు పెంచి మాట్లాడాను. ముందు వరుసవాళ్లకు వినపడింది. వెనక కూర్చున్నవాళ్లు మర్యాదకు తలలూపారు. అంతా అయ్యాక గిద్దలూరు వైపు పోస్టింగు వచ్చిన ఒక అమ్మాయి దగ్గరికొచ్చి, "సార్, మీరు చెప్పింది సగమే వినపడింది. మిగతా సగం రాసివ్వండి" అంది.

అందుకని రాస్తున్నాను. నేనెప్పుడు ఏఈగా చేరాను, ఎప్పుడు డీఈనయ్యాను అన్నవి సర్వీసు పుస్తకంలో ఉన్నాయి. అవి మీకు అక్కర్లేదు. నాకూ అక్కర్లేదు.

అసలు పని

కాలేజీలో నీళ్లు పైపుల్లో ఎలా పారతాయో నేర్పుతారు. మా పడమటి ప్రకాశంలో మాత్రం నీళ్లు ఎందుకు పారలేదో జనానికి చెప్పుకోవడమే ఉద్యోగం. మోటారు కాలిందని చెప్పాలి. కాలువకు నీళ్లు వదల్లేదని చెప్పాలి. రోడ్డు పనివాళ్లు జేసీబీతో మన పైపు పెకలించారని చెప్పాలి. నీళ్లు వచ్చిన రోజు ఎవరూ ఫోన్ చేయరు. నా సర్వీసు మొత్తంలో "ఈ రోజు నీళ్లు బాగా వచ్చినాయి" అని ఫోన్ చేసిన మనిషి ఒక్కడే. అతను మా బావమరిది.

మొదటి ఏడాది అర్ధవీడు వైపు ఒక ఊళ్లో పైపులైను ఎక్కడో పగిలింది. నక్షా చేత్తో పట్టుకుని మూడు రోజులు తవ్వించాను. రాళ్లు తప్ప తడి తగల్లేదు. మేకలు తోలుకుపోతున్న ఒకామె ఆగి, "సారూ, ఆ గట్టు కింద చూడరాదా? మా మేకలు నిన్నటిసంది ఆడికే పరిగెత్తినాయి. గరిక పచ్చగా ఉంది" అంది. అక్కడ తవ్వితే జానెడు లోతులో నీళ్లు ఎగజిమ్మాయి. రోజూ ఆ నేల మీద తిరిగే మనిషిని ముందు అడగాలి, నక్షా తర్వాత విప్పాలి అని ఆ రోజు నేర్చుకున్నాను. నేర్చుకున్నది మరిచిపోవడానికి నాకు ఇరవై ఏళ్లకు పైగా పట్టింది. మరిచిపోయిన కథే ఇది.

పెద్ద సారు చేపలు

అప్పటికి నేను డీఈని. నా పై అధికారి ఈఈ గారు నెమ్మదైన మనిషి. ఆయన గొంతు పెంచడం నేను వినలేదు. బీపీ ఉందని, చేపల్ని చూస్తూ కూర్చుంటే తగ్గుతుందని ఎవరో డాక్టరు చెప్పాడట. సొంతంగా ఒక గాజు తొట్టి కొని ఆఫీసు గదిలో పెట్టుకున్నారు. నారింజ రంగు చేపలు ఆరు, అడుగున రంగురాళ్లు, మధ్యలో నక్కతోకల్లాగా కుచ్చుకుచ్చుగా ఊగే పచ్చటి మొక్కలు. పేరు తెలియక అందరం తోకమొక్క అనేవాళ్లం. పదిహేను రోజులకోసారి ఆ తొట్టికి నీళ్లు మార్చే బాధ్యత ఎందుకోగాని నా మీద పడింది. మంచినీళ్ల ఇంజనీరువి గదా అన్నారాయన.

ఆయనకు బదిలీ అయింది. తొట్టి తీసుకుపోలేక నీకే ఇస్తున్నానన్నారు. కొత్తగా వచ్చిన ఈఈ గారు గదిలో అడుగుపెట్టి, "ఇది ఆఫీసా, హోటలా? సాయంత్రానికి తీసేయండి" అన్నారు. చేపల్ని, తొట్టిని మా వీధి సెలూన్ అతను సంతోషంగా పట్టుకుపోయాడు. అతనికి ఆ మొక్కలు నచ్చలేదు, చేపలు కనపడవన్నాడు. వాటిని నీళ్లతో సహా పెయింటు బకెట్టులో వేసి జీపులో పెట్టుకున్నాను. ఆ రోజు నాకు కురిచేడు అవతల తనిఖీ ఉంది. ఆ తర్వాత వాటి సంగతి పూర్తిగా మరిచిపోయాను. నిజంగానే మరిచిపోయాను.

పువ్వులు

కురిచేడు అవతల మా పథకానికి ఒక చెరువు ఉంది. ఊరి పేరు రాయను. వాళ్లు ఇప్పటికీ నాతో బాగా మాట్లాడతారు, అది నాకు కావాలి. సాగర్ కాలువకు నీళ్లు వదిలినప్పుడు ఆ చెరువు నింపుకుంటాం. కాలువ ఆగినన్నాళ్లు అందులోంచి తోడి, ఇసుక ఫిల్టర్ల మీదుగా పదకొండు ఊళ్లకు పంపిస్తాం. ఆ ఊళ్లలో బోర్లు వేస్తే ఫ్లోరైడ్ నీళ్లు పడతాయి. అవి తాగి మోకాళ్లు పట్టేసినవాళ్లు ఇంటికొకరు ఉంటారు. అక్కడ ఆ చెరువు అంటే ప్రాణం.

పంపుహౌసులో ఆపరేటరు ఖాసిం. నాకంటే నాలుగేళ్లు చిన్న. మోటారు చప్పుడు విని ఏ బేరింగు పోతుందో చెప్పగలడు. ఒక రోజు ఫోన్ చేసి, "సార్, చెరువులో కొత్తరకం నాచు మొలిచింది. మెట్ల కాడ" అన్నాడు. నాచు మొలవని చెరువు ఉంటుందా అన్నాను. మరుసటి ఏడాదికి సగం చెరువు దాంతోనే నిండింది. నీళ్లు అద్దంలా ఉంటే అడుగున పచ్చటి అడవి కనపడేది. నీటిపైన చిన్న చిన్న తెల్లటి పువ్వులు. మార్కాపురం నుంచి పెళ్లి కుదిరిన జంట ఒకటి ఫొటోలు తీయించుకోవడానికి కూడా వచ్చింది. నేను తనిఖీకి వెళ్లినప్పుడు ఆ పెళ్లికూతురు, "ఈ చెరువు మీరే మెయింటైన్ చేస్తారా అంకుల్, చాలా బాగుంది" అంది. గర్వపడ్డాను. ఇప్పుడు సిగ్గుగా ఉంది గాని, అప్పుడు గర్వపడిన మాట నిజం.

ఆ వేసవిలో, నీళ్లు తోడే పైపు అడుగునుండే ఫుట్‌వాల్వు జాలీకి ఆ తోకలు చుట్టుకుని మోటారు కాలిపోయింది. బాగుచేయిస్తే మళ్లీ చుట్టుకున్నాయి. కుళ్లిన ఆకు ఫిల్టర్ల మీద పేరుకుంది. లైను చివరి ఊరి నుంచి నారాయణమ్మ అనే ఆమె మా ఆఫీసుకు బస్సెక్కి వచ్చింది. అరవై దాటిన మనిషి, మోకాళ్లు వంగవు. సంచిలోంచి ప్లాస్టిక్ సీసా తీసి నా బల్ల మీద పెట్టింది. నీళ్లు టీ రంగులో ఉన్నాయి.

"మా కుళాయి నీళ్లు సారూ. తాగు" అంది.

మూత తీశాను. వాసనకు మళ్లీ మూసేశాను.

"నువ్వు మూసినావు. మేము యాడ మూసేది?" అని సీసా అక్కడే వదిలి వెళ్లిపోయింది.

మెమో

ఆ సీసా చూసి నాకు పౌరుషం వచ్చింది. పౌరుషం వచ్చిన ఇంజనీరు అంత ప్రమాదం మరొకటి లేదు. ఇరవై మంది కూలీల్ని పెట్టి కొడవళ్లతో కోయించాను. రెండు ట్రాక్టర్లు నిండాయి. కట్ట మీద నిలబడి ఫొటో తీసి పైవాళ్లకు పంపించాను. శభాష్ అన్నారు. రెండు నెలలకు మిగతా సగం చెరువు కూడా నిండిపోయింది.

"సార్, కోసేకొద్దీ ఎక్కువైతా ఉంది. తెగిన ముక్కలు నీళ్లల్లో కొట్టుకపోయి యాడికాడ పట్టుకుంటన్నాయి" అన్నాడు ఖాసిం.

వినలేదు. కోత సరిగా జరగలేదనుకుని మళ్లీ కోయించాను. మళ్లీ పెరిగింది. అప్పుడిక తప్పు ఎవరిదో ఒకరిదని తేల్చాలి గదా. కాలువ జాలీ సరిగా చూడకపోవడం వల్ల, కట్ట మీదికి గేదెల్ని రానివ్వడం వల్ల ఈ కలుపు వచ్చిందని రాసి, సంజాయిషీ చెప్పమని ఖాసింకు మెమో తీసుకెళ్లి ఇచ్చాను. అతను నిలబడే చదివాడు. రెండు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. "అట్లనే సార్" అన్నాడు. మరుసటి రోజు జవాబు పంపాడు. ఒకటే వాక్యం: ఇకమీదట జాగ్రత్తగా చూస్తాను.

అతను ఎదురు మాట్లాడలేదు గనక తప్పు అతనిదేనని నాకు రూఢి అయిపోయింది. పెద్ద కుర్చీలో కూర్చున్నవాళ్లకు ఎదుటివాళ్ల మౌనం ఒప్పుకోలులాగే వినపడుతుంది.

గాజు గిన్నె

మార్కాపురంలో కాలేజీకి వెళ్లి బోటనీ చెప్పే సుభాషిణి మేడాన్ని కలిశాను. ఈ పని రెండేళ్ల ముందే చేయాల్సింది. నేను తీసుకెళ్లిన తోకను ఆమె గాజు గిన్నెలో నీళ్లు పోసి వదిలారు. నీళ్లలో పడగానే అది విసనకర్రలా విచ్చుకుంది.

"ఇది నాచు కాదండీ. కబొంబా. దక్షిణ అమెరికా మొక్క. చేపల తొట్లలో అందానికి పెట్టుకోవడానికి ఇటు వచ్చింది. మీరు కోయించారా?"

"రెండుసార్లు."

"అయ్యో. ఏ ముక్కకాముక్క మొక్కవుతుంది దీనికి. కాలువ పైన ఎక్కడన్నా ఉందా?"

లేదు. పైకి పది మైళ్లు జీపులో వెళ్లి చూశాను. ఎక్కడా లేదు.

"అయితే ఎవరో చేపల తొట్టి కడిగి చెరువులో వదిలారు. చెడ్డవాళ్లు చేసే పని కాదండీ ఇది. జాలి ఉన్నవాళ్లే చేస్తారు. ప్రాణమున్న మొక్కను చెత్తలో వేయడానికి మనసొప్పక."

ఆమె ఇంకా ఏదో చెబుతున్నారు. నాకు వినపడలేదు. పెయింటు బకెట్టు కళ్ల ముందుకొచ్చింది. చెరువు మెట్లు, ఎండ, నేను మోకాళ్ల మీద కూర్చుని ఒక్కొక్క మొక్కను నీళ్లలోకి మెల్లగా జారవిడవడం, అన్నీ వరుసగా వచ్చాయి. ఆమెకు థాంక్స్ చెప్పి బయటపడ్డాను. నేనే అని చెప్పలేదు. నాలుగు రోజులు ఎవరికీ చెప్పలేదు. ఎవరూ చూడలేదు గదా అనుకున్నాను. ఇంత పెద్ద చెరువుకు నా ఒక్క బకెట్టే కారణమా అనుకున్నాను. ఉద్యోగంలో ఎన్నో వాదనలు విన్నాను గాని, ఆ నాలుగు రోజులు నాతో నేను చేసినంత బలమైన వాదన ఏ కాంట్రాక్టరూ చేయలేదు.

ఐదో రోజు ఉదయం పంపుహౌసుకు వెళ్లాను. ఖాసిం స్టవ్ మీద టీ కాస్తున్నాడు.

"ఖాసిం, ఆ మొక్క చెరువులో వేసింది నేనే."

అతను టీ వడపోసి గ్లాసు నా చేతికిచ్చాడు. "తెలుసు సార్. బకెట్టు జీపులోంచి దింపింది నేనే గదా. పాపం బతుకుతాయిలే ఖాసిం అని మీరే అన్నారు."

"మరి మెమో ఇచ్చినప్పుడు చెప్పకూడదా అయ్యా?"

"ఎట్ల చెప్పేది సార్? మీరు కాయితం రాసుకొని వచ్చినారు. అడిగేదానికి రాలేదు."

టీ తాగి గ్లాసు కడిగి పెట్టి జీపెక్కాను. ఆఫీసుకెళ్లి మెమో రద్దు చేస్తున్నట్టు రాసి, కారణం కూడా రాశాను. ఈఈ గారు చదివి, "కారణం అవసరమా?" అన్నారు. అవసరమే సార్ అన్నాను. ఆయన సంతకం పెట్టారు. పాత ఈఈ గారికీ ఫోన్ చేసి జరిగింది చెప్పాను. అంతా విని ఆయన అడిగింది ఒకటే: "చేపలు బాగున్నాయా?"

ఎండాకాలంలో ఎండబెట్టడం

కొత్త ఈఈ గారికి ఎవరో కలుపు మందు సంగతి చెప్పారు. ఒక్కసారి కొడితే మాడిపోతుందట. "పదకొండు ఊళ్లు తాగే నీళ్లు సార్. నేను కొట్టించను" అన్నాను. ఆయనకు కోపం వస్తుందనుకున్నాను, రాలేదు. మరి నీ దగ్గరేముందన్నారు.

"చెరువు ఖాళీ చేసి అడుగుదాకా ఎండబెట్టాలి. కాలేజీ మేడం గారిని మళ్లీ వెళ్లి అడిగాను, ఆమె చెప్పిన దారి అదొక్కటే."

"ఎండాకాలంలోనా?"

"ఎండాకాలంలోనే ఎండుతుంది సార్."

ఆయన నవ్వి, "జనానికి నువ్వే చెప్పు. ఆ రోజు నాకు ఒంగోలులో మీటింగు ఉంటుంది" అన్నారు. ఏ రోజని నేనింకా చెప్పనేలేదు.

చివరి ఊరి బడి వరండాలో మీటింగు పెట్టాం. అన్ని ఊళ్ల నుంచీ వచ్చారు. పంచాయతీ పెద్దలు కుర్చీల్లో, మిగతావాళ్లు నేల మీద. ముందు మొక్క గురించి చెప్పాను. తర్వాత అది ఎలా వచ్చిందో చెప్పాను. "నేనే వేశాను. తెలియక వేశాను. తప్పు ఖాసిం మీద పెట్టాను. అది తెలియక చేసింది కాదు."

ఒక పెద్దాయన లేచాడు. "అంత చదువు చదివి మా చెరువులో చెత్తేసినావా? ఏంది సార్ ఇది?" నాలుగు గొంతులు లేచాయి. గోడకు ఆనుకుని కాళ్లు చాపుకుని కూర్చున్న నారాయణమ్మ చెయ్యెత్తింది.

"నిజం చెప్పినాడు, బాగుంది. నిజం తాగితే దప్పి తీరదు గదా. ఎన్ని దినాలు ఎండబెడతావు నాయనా?"

"నలభై రోజులమ్మా. కాలువకు మళ్లీ నీళ్లు వదిలేదాకా. ట్యాంకర్లు తిప్పుతాం."

"ట్యాంకర్లు మొదటి ఊర్లకే సరిపోతాయి. మా కాడికి వచ్చేసరికి బురద మిగుల్తది. అప్పుడు మేము బోరు నీళ్లు తాగాల. మళ్లీ మోకాళ్లు." తన కాళ్లు చూపించింది. "మొదటి ట్యాంకరు మాకు రావాల. దాంతోబాటు నువ్వు రావాల. నలభై దినాలు. సరేనా?"

సరేనన్నాను.

నలభై అనుకున్నది

తెల్లారేసరికి ట్యాంకరు డ్రైవరు పక్కన కూర్చుని ఆ ఊరు చేరేవాణ్ని. బిందెలు నిండేదాకా ఉండి చెరువుకు వెళ్లేవాణ్ని. మొదటివారం ఎవరూ పలకరించలేదు. రెండోవారం ఒకామె మజ్జిగ ఇచ్చింది. మూడోవారానికి ఊళ్లో ఎవరి కోడలు ఎవరితో మాట్లాడటం లేదో నాకు తెలిసిపోయింది.

చెరువు అడుగు పగుళ్లు ఇచ్చింది. తోకలన్నీ నల్లగా మాడి కాలికింద కరకరలాడాయి. అయిపోయిందనుకున్నాను. ఖాసిం మాత్రం ఒక పారతో తూము మూల తవ్వి చూపించాడు. బెత్తెడు కింద బురద ఇంకా తడిగానే ఉంది. అందులో తెల్లటి కాడలు బతికే ఉన్నాయి. ఈసారి విన్నాను. ట్రాక్టరు పెట్టి అడుగంతా దున్నించాం. నారాయణమ్మ ఊరి ఆడవాళ్లు ట్రాలీలో వచ్చి కాడల్ని ఏరి గోతాల్లో నింపారు. గోతాల్ని కాలువకు దూరంగా రాతినేల మీద పరిచి ఎండబెట్టాం.

ముప్పై ఐదో రోజున, అనుకున్నదానికంటే ముందే, కాలువకు నీళ్లు వదిలారు. తూము మూల ఇంకా పచ్చిగా ఉంది. ఇటు ఎండిన చెరువు, అటు నిండుగా పారుతున్న కాలువ. మధ్యలో ఒక గేటు. చక్రం తిప్పితే చాలు.

ఊళ్ల నుంచి మోటారు సైకిళ్ల మీద వచ్చేశారు. "గేటు ఎత్తండి సార్. నీళ్లు పక్కనుంచి పోతా ఉంటే చూస్తా కూచుంటారా?" వాళ్ల మాటలో తప్పు లేదు. కాలువ ఎన్నాళ్లు పారుతుందో ఎవరూ గట్టిగా చెప్పలేరు. ఎత్తితే కలుపు మళ్లీ మొలుస్తుంది, ఎత్తకపోతే చెరువు నిండకపోవచ్చు. నా సర్వీసులో అంత కష్టమైన లెక్క మరొకటి రాలేదు, దానికి ఫార్ములా కూడా లేదు. ఖాసింను అడిగాను.

"ఐదు దినాలు చాలు సార్. ఈ ఎండకు ఆ మూల కూడా రాయైతది."

"కాలువ ముందే ఆపేస్తే?"

"అప్పుడు జనం ముందు ఇద్దరం దొంగలమే సార్" అని నవ్వాడు.

గేటు ఎత్తలేదు. ఐదు రోజులు నన్ను అనని మాట లేదు. ఒకతను నా జీపు టైర్లలో గాలి తీశాడు. మూడో రోజు నారాయణమ్మ వచ్చి గేటు దిమ్మె మీద కూర్చుంది. మీద పడబోయిన కుర్రకారును, "ముప్పై ఐదు దినాలు ఓర్చుకున్నాం. ఐదు దినాలకు ప్రాణం పోతదా? పోండి, పోయి ఆ మూల తవ్వండి" అని గదమాయించింది. తవ్వారు కూడా.

ఆరో రోజు పొద్దున ఖాసిం చక్రం తిప్పాడు. ఎర్రటి నీళ్లు నురగతో లోపలికి దూకాయి. కాలువ ఆగేసరికి చెరువు మూడొంతుల్లో రెండొంతులు నిండింది. పూర్తిగా నిండలేదు, ఆ మాట దాచను. వానలు పడేదాకా రోజు విడిచి రోజు నీళ్లిచ్చాం. ఆ తిట్లూ తిన్నాను. ఆ ఏడాది మెట్ల సందులో ఒకే ఒక తోక దొరికింది. ఖాసిం దాన్ని వేళ్లతో సహా పీకి, ఎండిపోయేదాకా పంపుహౌసు తలుపు మీద వేలాడదీశాడు. మరుసటి ఏడాది ఒక్కటీ లేదు.

గిద్దలూరు వెళ్లే అమ్మాయీ, నీకు వినపడని సగం ఇదే. చేపల తొట్టి ఖాళీ చేస్తే మొక్కల్ని మిట్టమధ్యాహ్నం బండ మీద ఎండబెట్టి అప్పుడు పారెయ్. జాలి పడు, కాని జాలితో చేసే పనికి కూడా తెలిసినవాళ్లను ఒక మాట అడుగు. ఆపరేటరు దగ్గరికి వెళ్లేటప్పుడు కాగితం తీసుకెళ్లకు. తప్పు చేస్తే, ఎప్పుడో ఒకప్పుడు చేస్తావు, నలుగురిలో ఒప్పుకో. తిడతారు. తిట్టాక పని చేయనిస్తారు.

అప్పటినుంచి పదకొండు ఊళ్లవాళ్లూ వారానికొక ఊరు చొప్పున వంతు వేసుకుని కట్ట మీద తిరిగి చూస్తున్నారు. నేను చెప్పలేదు, వాళ్లే పెట్టుకున్నారు. పోయిన నెల ఖాసింను చూసి వద్దామని వెళ్లాను. కట్ట మొదట్లో నారాయణమ్మ కూర్చుని ఉంది, ఆ వారం వాళ్ల ఊరి వంతు. నన్ను చూసి నవ్వింది గాని, చేతికర్ర అడ్డం పెట్టింది.

"ఏంది నాయనా సంచిలో?"

"అరటిపళ్లమ్మా. ఖాసిం ఇంటికి."

"విప్పు."

విప్పాను. సంచి అడుగుదాకా చెయ్యి పెట్టి తడిమి చూసింది. ఒక పండు తీసుకుని, కర్ర తీసి దారి వదిలింది.